పచ్చని పందిరి నుండి ఫంక్షన్ హాలు దాకా: ఉత్తర తెలంగాణలో పెండ్లి వేదిక ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పెండ్లి వేదిక ఇంటి ముందరి పందిరి నుండి ఫంక్షన్ హాలుకు మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేదిక మారినా ఇల్లు పెండ్లి నుండి తొలగిపోలేదనీ, పెండ్లి రెండు చోట్లుగా విడిపోయిందనీ, ఆ క్రమంలో వాడకట్టు శ్రమ అద్దెగా మారి, ఆ భారం ఎక్కువగా వధువు కుటుంబం మీదికి చేరిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెండ్లి పందిరి, మైలపోలు, ఐరేని కుండలు, షాదీఖానా, ఫంక్షన్ హాలు, దావత్, కట్నం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వివాహ సంప్రదాయాలపై జరిగిన పరిశీలనలో పాటలు, క్రతువులు, ఆభరణాలు, వంటకాలు చోటు చేసుకున్నంతగా పెండ్లి జరిగే స్థలం చోటు చేసుకోలేదు. స్థలాన్ని క్రతువుకు నేపథ్యంగా భావించడమే ఇందుకు కారణం కావచ్చు. అయితే ఈనాడు పెండ్లి ఖాయమైన వెంటనే ఇరుపక్షాల పెద్దలు మాట్లాడుకునే మొదటి విషయాల్లో హాలు ఒకటి. ఏ హాలు, ఎంతమందికి, ఎవరి ఖర్చుతో అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతే పెండ్లి పత్రిక అచ్చుకు పోతున్నది. అందువల్ల వేదిక ఎంపికను సామాజిక చరిత్రకు ఆకరంగా పరిశీలించవలసి ఉన్నది.

2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణకు ముందున్న కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఈ వ్యాసానికి పరిధి. నేటి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాల ప్రాంతాలు ఇందులోకి వస్తాయి.

2. ఇల్లే వేదికైన కాలం

ఇంటి పెండ్లిలో వేదికను ఎంచుకోవలసిన అవసరం లేదు. కులాన్నీ, కుటుంబ ఆచారాన్నీ బట్టి వధువు ఇంటనో, వరుని ఇంటనో పెండ్లి జరిగేది. ఆదిలాబాద్ గోండుల్లో వరుని ఊరిలో పెండ్లి చేసే ఆచారం ఉన్నది. మెస్రం వంశీయుల్లో కొత్త కోడండ్లను కేస్లాపూర్ నాగోబా జాతరలో దేవునికి పరిచయం చేసే 'భేటింగ్' కూడా ఈ సందర్భంలో గమనించదగినది. పెండ్లి ఎక్కడ జరిగినా, వంశపు దేవుని ముందు నిలబడినప్పుడే కోడలి రాక పూర్తవుతుందన్న భావన అందులో కనిపిస్తుంది. స్థలం ఇక్కడ సౌకర్యం కాదు, సంబంధానికి గుర్తు.

సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రచురించిన నిజాం రాజ్యపు కులాల, తెగల గ్రంథంలో తెలుగు కులాల వివాహాలను వర్ణిస్తూ మైలపోలు, ఐరేని కుండలు మొదలైన క్రతువులను పేర్కొన్నాడు. ఈ క్రతువులన్నీ ఇంటినీ వాడకట్టునూ ఆశ్రయించినవే. ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుండి మేళతాళాలతో రావాలి. డప్పు, దివిటీ, క్షౌరం, పందిరి గుంజలు, విస్తర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క కులం చేతి పని. పందిరి కింద నిలిచేది ఒక కుటుంబమే అయినా దాన్ని నిలబెట్టేది ఊరు.

అయితే ఈ శ్రమనంతటినీ ఇష్టపూర్వకమైన సహకారంగా చిత్రిస్తే చరిత్రకు అన్యాయం చేసినట్లే. దొరల ఇండ్లలో పెండ్లంటే వృత్తికులాలకు వెట్టి. 1978 సెప్టెంబర్ 7 నాటి జగిత్యాల జైత్రయాత్రతో ప్రసిద్ధికెక్కిన రైతుకూలీ ఉద్యమం ప్రశ్నించిన వాటిలో వెట్టిచాకిరి ప్రధానమైనది. కూలి ఇవ్వకుండా చేయించుకునే పనులు తగ్గేకొద్దీ పాత పద్ధతి పెండ్లికి ఆధారమైన ఏర్పాటు కూడా సడలింది. పందిరి నుండి హాలుకు మారడంలో సౌకర్యంతో పాటు ఈ విముక్తి కూడా ఒక అంశమని గుర్తించాలి.

3. పేర్లు చెప్పే చరిత్ర

వేదికను సూచించే పదాలు ఈ పరిణామానికి మంచి సాక్ష్యాలు. 'పందిరి' తాత్కాలికమైనది, పెండ్లితో పుట్టి పెండ్లితో పోతుంది. 'కల్యాణ మండపం' మొదట దేవుని పెండ్లికి ఉద్దేశించిన కట్టడం. పొరుగున హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడికి చెందిన కల్యాణ మండపం ఇందుకు నిదర్శనం. దేవుని వేదికకున్న పేరు ఆధునిక కాలంలో మనుషుల పెండ్లికి అద్దెకిచ్చే భవనానికి అన్వయమైంది. తిరుమల తిరుపతి దేవస్థానం వివిధ పట్టణాల్లో కట్టిన కల్యాణ మండపాలు ఈ వాడుకను స్థిరపరిచాయి.

'షామియానా', 'దావత్', 'బరాత్', 'షాదీఖానా' అనేవి నిజాం కాలపు ఉర్దూ సంపర్కం ఇచ్చిన పదాలు. షాదీఖానా ముస్లింల పెండ్లిండ్లకు ఉద్దేశించిన ఉమ్మడి భవనం. తరువాత అంబేద్కర్ భవన్లు, కులసంఘ భవనాలు వచ్చాయి. ఇంటి ముందు పందిరికి తగిన వాకిలి లేనివారికి ఇవి గౌరవప్రదమైన చోటును కల్పించాయి. అదే సమయంలో ఊరిలో వాడలుగా ఉన్న విభజన పట్టణంలో భవనాల పేర్లలోకి కూడా చేరింది.

'ఫంక్షన్ హాలు' అనే పేరులో దేవుడూ లేడు, కులమూ లేదు. అద్దె చెల్లించగలిగినవారికి అది తెరచి ఉంటుందన్న సూచన ఆ పేరులోనే ఉన్నది. ఆ తరువాత వచ్చిన 'గార్డెన్స్', 'కన్వెన్షన్' అనే పేర్లు స్థలవైశాల్యాన్నీ హోదానూ సూచిస్తాయి.

4. ఇంటి నుండి హాలుకు: కారణాలు

మొదటి కారణం నివాసం. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని వంటి బొగ్గుగని పట్టణాల్లో కార్మిక కుటుంబాలు కంపెనీ క్వార్టర్లలో బతికాయి. అక్కడ పెద్ద పందిరికి చోటు లేదు. ఐరేని కుండలు తెచ్చే వాడకట్టు కూడా సొంత ఊరిలోనే ఉండిపోయింది. రెండవది వలస. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు సెలవు రోజుల్లోనే పెండ్లి ముగించుకోవలసి ఉంటుంది. వారాల తరబడి సాగే ఇంటి ఏర్పాట్లకు ఆ వ్యవధి చాలదు. మూడవది వృత్తుల మార్పు. ఒకప్పుడు ఊరివాళ్ళు చేసిన పనులు టెంట్ హౌస్, క్యాటరింగ్, డెకరేషన్ అనే వ్యాపారాలయ్యాయి. వాటన్నింటినీ ఒకేచోట సమకూర్చినదే ఫంక్షన్ హాలు.

వేదిక విషయంలో చట్టం స్వేచ్ఛనే ఇచ్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ఇరుపక్షాలలో ఏ ఒక్కరి ఆచారం ప్రకారమైనా పెండ్లి జరగవచ్చునంటుందే తప్ప స్థలాన్ని నిర్దేశించదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం 12వ సెక్షన్ వివాహాధికారి కార్యాలయంలో గాని, తగిన దూరంలోని మరో చోట గాని వివాహానికి అనుమతిస్తుంది. చట్టరీత్యా హాలు అవసరం లేదు. దాన్ని అవసరంగా మార్చినది సమాజమే.

5. ఎంపికలో మారిన కొలమానాలు

ఇంటి పెండ్లికి మంచిచెడ్డలు నిర్ణయించినవి మనుషుల రాకపోకలు: మేనమామ వచ్చాడా, పాలివాళ్ళు పని అందుకున్నారా, పిలుపు అందనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చూసేవారు. హాలుకు కొలమానాలు వేరు. ఎన్ని కుర్చీలు పడతాయి, ఒక్క బంతికి ఎంతమంది కూర్చుంటారు, బండ్లు నిలపడానికి జాగా ఉన్నదా, కరెంటు పోతే జనరేటర్ ఉన్నదా, పెండ్లికూతురికి వేరే గది ఉన్నదా అన్నవి నేటి ప్రశ్నలు.

వీటిలో భోజనానికి సంబంధించిన ప్రశ్న ఈ ప్రాంతంలో ప్రత్యేకమైనది. అనేక కులాల్లో మాంసం లేని దావత్ దావత్ కాదు. దేవస్థానాల మండపాల్లో మాంసాహారానికి తావు లేదు. అందువల్ల వేములవాడలోనో, ధర్మపురిలోనో దైవసన్నిధిలో లగ్గం చేసి, దావత్ మరొక చోట పెట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడ వేదికను నిర్ణయించేది మంత్రమూ వంటా కలిసి.

కాలం విషయంలోనూ మార్పు వచ్చింది. పూర్వం ముహూర్తం ముందు, ఏర్పాట్లు తరువాత. ఆషాఢ, పుష్య మాసాలు, మౌఢ్యాలు పోగా మిగిలిన కొద్ది ముహూర్తాలకే అందరూ హాళ్ళు కోరుతారు కనుక, పురోహితునితో రెండు మూడు తేదీలు పెట్టించుకొని, హాలు దొరికిన తేదీనే ఖాయం చేసుకోవలసి వస్తున్నది. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లను నిషేధించిన 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు బరాత్ సమయాన్ని కూడా కుదించాయి.

అయినా ఇల్లు పూర్తిగా ఖాళీ కాలేదు. హాలులో పెండ్లి చేసేవారు కూడా ఇంటి ముందు చిన్న పందిరి వేస్తారు. మైలపోలు తీస్తారు, పెండ్లికూతురును చేస్తారు, అప్పగింతల తరువాత కోడలు ఇంటి గడపనే దాటి లోపలికి వస్తుంది. బంధుత్వానికి సంబంధించిన క్రతువులు ఇంట్లో నిలిచాయి. నలుగురికి చూపవలసినవి హాలుకు వెళ్ళాయి. 2020లో కరోనా నిబంధనలు పెండ్లికి అతిథులను 50 మందికి పరిమితం చేసినప్పుడు పెండ్లిండ్లు తిరిగి వాకిళ్ళలోకి వచ్చాయి. హాలు లేకపోయినా పెండ్లి ఆగదని ఆ ఏడాది నిరూపించింది. ఆంక్షలు తొలగగానే మళ్ళీ హాళ్ళు నిండడాన్ని బట్టి హాలు తీర్చేది క్రతువు అవసరాన్ని కాదనీ, హోదా అవసరాన్ననీ చెప్పవచ్చు.

6. ఖర్చు ఎవరిది?

వరుని ఇంట పెండ్లి చేసే ఆచారంలో పందిరి, విందు బాధ్యత సహజంగా ఆ ఇంటివారి మీద ఉండేది. హాలు ఎవరి ఇల్లూ కాదు. కాబట్టి దాని ఖర్చు మాటల్లో తేలవలసిన అంశమైంది. "పెండ్లి మంచిగ చేయాలె" అన్న ఒక్క మాటలో హాలు, అలంకరణ, దావత్ అన్నీ ఇమిడి ఉంటాయి. ఆ మాట ఎక్కువగా వరుని వైపు నుండి వస్తుంది, బిల్లు ఎక్కువగా వధువు వైపుకు పోతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆస్తి, విలువైన పత్రాల ఇచ్చిపుచ్చుకోళ్ళ రూపంలో కట్నాన్ని నిర్వచించింది. హాలు అద్దె ఆ నిర్వచనంలో సూటిగా కనబడదు. కట్నం వద్దన్న కుటుంబం కూడా ఫలానా హాలు కావాలని అడగగలగడం ఈ సందులోనే సాధ్యమవుతున్నది.

తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబర్ 2న 51,000 రూపాయలతో ప్రారంభించి, 2018లో 1,00,116 రూపాయలకు పెంచిన కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకాలు పేద కుటుంబాలకు ఊరటనిచ్చాయన్నది నిజం. అయితే ఆ సహాయం వధువు కుటుంబానికే అందుతున్నదన్న వాస్తవం, పెండ్లి ఖర్చు ఆడపిల్ల ఇంటిదేనన్న సామాజిక స్థితికి అద్దం పడుతుంది.

7. ముగింపు

పందిరి కులాల వెట్టి మీద నిలబడింది. హాలు ఆడపిల్ల తండ్రి అప్పు మీద నిలబడుతున్నది. మొదటిదాన్ని చరిత్ర ప్రశ్నించింది. రెండవది ఇంకా ప్రశ్నకు రాలేదు. హాలును ఎంచుకునేటప్పుడు కుర్చీల సంఖ్యనూ జనరేటర్‌నూ విచారించినట్లే, ఖర్చును ఇరుపక్షాలూ ఏ నిష్పత్తిలో పంచుకుంటున్నాయో విచారించడం కూడా ఎంపికలో భాగం కావాలి. పెండ్లి పత్రికల్లో వేదికను తెలిపే పంక్తి 'స్వగృహం' నుండి 'గార్డెన్స్'గా మారిన క్రమాన్ని కుటుంబాల వద్ద ఉన్న పాత పత్రికల ఆధారంగా సేకరించి పరిశీలిస్తే, ఈ ప్రాంత సామాజిక చరిత్రకు అరుదైన ఆకరాలు లభిస్తాయి. ఆ పత్రికలు పాత పెట్టెల్లో చెదలు పట్టకముందే ఆ పని మొదలు కావాలి.