బ్యాంకు విలీనమైతే కోడ్ కూడా మారుతుంది: ఐఎఫ్ఎస్‌సీ వివరాలు

కోల్‌కతా స్ట్రాండ్ రోడ్డులోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఎస్‌బీఐఎన్0000001. 1806లో ఈ నగరంలోనే బ్యాంక్ ఆఫ్ కలకత్తాగా ఆరంభమై, 1809లో బ్యాంక్ ఆఫ్ బెంగాల్‌గా, 1921లో మరో రెండు ప్రెసిడెన్సీ బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంకుగా, 1955లో స్టేట్ బ్యాంకుగా రూపుదాల్చిన సంస్థకు ఒకటో సంఖ్య ఇక్కడ దక్కడం సముచితమే. అయితే నగరంలోని కోడ్‌లన్నీ ఇంత స్థిరంగా నిలవలేదు.

2020 ఏప్రిల్ 1న కోల్‌కతా ప్రధాన కేంద్రంగా ఉన్న రెండు ప్రభుత్వరంగ బ్యాంకులు ఒకే రోజు ఇతర బ్యాంకులలో విలీనమయ్యాయి. యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా పంజాబ్ నేషనల్ బ్యాంకులోనూ, 1865 నాటి అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులోనూ కలిశాయి. అదే రోజు ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో లీనమైంది. జనపనార మిల్లులలో పని కోసం హుగ్లీ తీరానికి తరలివెళ్లిన శ్రీకాకుళం ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఒకప్పుడు స్వగ్రామాలకు మనీయార్డర్లు పంపేవి. ఇప్పుడు ఆ సొమ్ము బ్యాంకు ఖాతాల మీదుగా వెళుతోంది. అంటే కోల్‌కతాలోనూ, ఊరిలోనూ పాసుపుస్తకం మీద ముద్రించిన పాత కోడ్‌కు కాలం చెల్లిన కుటుంబాలు ఉన్నాయన్నమాట.

ఐఎఫ్ఎస్‌సీ అంటే ఇండియన్ ఫైనాన్షియల్ సిస్టమ్ కోడ్. ఎలక్ట్రానిక్ చెల్లింపులలో పాల్గొనే ప్రతి బ్యాంకు శాఖను గుర్తించడానికి భారతీయ రిజర్వు బ్యాంకు దీనిని వాడుతుంది. ఇందులో పదకొండు స్థానాలుంటాయి. మొదటి నాలుగు ఆంగ్లాక్షరాలు బ్యాంకును, చివరి ఆరు స్థానాలు శాఖను సూచిస్తాయి. అయిదవ స్థానంలో ఎల్లప్పుడూ సున్నాయే ఉంటుంది. దానిని భవిష్యత్ అవసరాల కోసం కేటాయించారు. చేతిరాతలో ఆ సున్నాను 'ఓ' అక్షరంగా పొరబడడం తరచూ జరిగే తప్పిదం. చివరి ఆరు స్థానాలలో సాధారణంగా అంకెలే ఉన్నా, ఇండియన్ బ్యాంకు కోడ్‌లలో మధ్య ఒక అక్షరం కూడా కనిపిస్తుంది.

బ్యాంకు పేరును బట్టి మొదటి నాలుగు అక్షరాలను ఊహించడం ప్రమాదకరం. కోల్‌కతాలోనే ప్రధాన కార్యాలయం గల యూకో బ్యాంకు కోడ్ యూసీబీఏతో మొదలవుతుంది. 1943లో స్థాపించినప్పుడు దాని పేరు యునైటెడ్ కమర్షియల్ బ్యాంకు. 2007లో పేరు మార్చుకున్న యాక్సిస్ బ్యాంకుకు నేటికీ యూటీఐబీయే కొనసాగుతోంది. అది యూటీఐ బ్యాంకు నాటి గుర్తు. పేరు మాత్రమే మారిన చోట పాత అక్షరాలు నిలిచాయి. బ్యాంకే మరొకదానిలో కలిసిన చోట అవి పోయాయి. యునైటెడ్ బ్యాంకు యూటీబీఐ పోయి పంజాబ్ నేషనల్ బ్యాంకు పీయూఎన్‌బీ వచ్చింది. అలహాబాద్ బ్యాంకు ఏఎల్ఎల్ఏ స్థానంలో ఐడీఐబీ, ఆంధ్రా బ్యాంకు ఏఎన్‌డీబీ స్థానంలో యూబీఐఎన్ వచ్చాయి. విలీనం తరువాత కొంతకాలం పాత కోడ్‌లను అనుమతించి, తదుపరి వాటిని దశలవారీగా తొలగించారు. అలహాబాద్, యునైటెడ్ బ్యాంకుల పాత చెక్కుపుస్తకాలు 2021 అక్టోబరు 1 నుంచి చెల్లుబాటు కాలేదు.

చెక్కు అడుగుభాగాన కనిపించే తొమ్మిది అంకెల ఎంఐసీఆర్ కోడ్ వేరు. అందులో మొదటి మూడు అంకెలు నగరాన్ని, తరువాతి మూడు బ్యాంకును, చివరి మూడు శాఖను తెలుపుతాయి. కోల్‌కతాకు 700, హైదరాబాద్‌కు 500. అది చెక్కుల పరిష్కారానికి ఉద్దేశించినది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చెల్లింపులకు కావలసినది ఐఎఫ్ఎస్‌సీయే. విదేశాల నుంచి సొమ్ము తెప్పించుకునేవారు స్విఫ్ట్ కోడ్‌ను విడిగా అడిగి తెలుసుకోవాలి.

నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి, కనీసం రెండు లక్షల రూపాయల మొత్తాలకు వర్తించే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి రోజంతా, సెలవు దినాలలోనూ పనిచేస్తున్నాయి. నెఫ్ట్‌లో అరగంటకొక విడతగా లావాదేవీలు పరిష్కారమవుతాయి. ఉనికిలో లేని కోడ్ ఇస్తే వ్యవస్థ దానిని తిరస్కరిస్తుంది కనుక నష్టం ఆలస్యంతో పోతుంది. అదే బ్యాంకులోని మరో శాఖ కోడ్ ఇచ్చినా, ఖాతా సంఖ్య సరైనదైతే సొమ్ము సాధారణంగా చేరుతుంది. అసలు చిక్కు ఖాతా సంఖ్య తప్పినప్పుడు, లేదా వేరే బ్యాంకు కోడ్ పడి అక్కడ అదే సంఖ్యతో ఎవరిదో ఖాతా ఉన్నప్పుడు వస్తుంది. లబ్ధిదారు పేరు ఎంత స్పష్టంగా రాసినా, జమ చేసేటప్పుడు బ్యాంకులు ఖాతా సంఖ్యనే ప్రాతిపదికగా తీసుకుంటాయి. వివరాలు సరిగా ఇచ్చే బాధ్యతను నిబంధనలు పంపేవారి పైనే ఉంచాయి. ఏళ్ల తరబడి సామాన్యులకు తెలియని ఈ లోటును తీర్చేందుకు, సొమ్ము పంపే ముందే ఖాతాదారు పేరు చూపే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తెరపై కనిపించిన పేరును చదివిన తరువాతనే సమ్మతి నొక్కడం మేలు.

యూపీఐ వాడేవారికి ఈ కోడ్ కంటికి కనిపించదు గాని, ఆదాయపు పన్ను వాపసు, భవిష్యనిధి, డివిడెండు వంటి వాటికి నమోదు చేసిన ఖాతా వివరాలలో అది ఉంటుంది. విలీనానికి ముందు ఇచ్చిన వివరాలను అక్కడ సరిదిద్దుకోకపోతే రావలసిన సొమ్ము నిలిచిపోవచ్చు. కొత్త కోడ్‌ను తాజా పాసుపుస్తకంలో, చెక్కు మీద, రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో లేదా శాఖలో సరిచూసుకోవచ్చు. అపరిచితులు ఫోనులో చెప్పినది నమ్మరాదు. మార్పులు ముగియనూ లేదు: 2025 మే 1న పశ్చిమ బెంగాల్‌లోని మూడు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకటయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు కలిశాయి. ఆ ఖాతాలకు సొమ్ము పంపేవారు ముందుగా శాఖను సంప్రదించాలి.

పొరపాటున సొమ్ము వేరొకరి ఖాతాకు చేరితే, లావాదేవీ సంఖ్యతో వెంటనే తమ బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలపాలి. బ్యాంకు అవతలి బ్యాంకును సంప్రదిస్తుంది గాని, సాధారణంగా ఆ ఖాతాదారు సమ్మతి లేనిదే సొమ్ము వెనక్కు రాదు. ఫిర్యాదుపై ముప్పై రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరు అందుబాటులో ఉంది.