కాండీనుండి నువరఎలియకు: కాలిదారి, బండిదారి, ఇనుపదారి

ఇటీవల మా యూరివారు నలుగురు సింహళద్వీప యాత్రకుఁ బోఁదలఁచి నాయొద్దకు వచ్చి యొక ప్రశ్న నడిగిరి. "పంతులుగారూ! కాండీలో దంతాలయమును జూచి, అచ్చటనుండి నువరఎలియ దాఁటి సీతమ్మవారి గుడికిఁ బోవలెనని యనుకొనుచున్నాము. రైలెక్కుట మేలా? మోటారు మాటాడుకొనుట మేలా?" అని. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును. తుదకు నేను చెప్పియే తీరుదును. కాని దారిని ఎవరు వేసిరో, ఎవరికొఱకు వేసిరో, ఎవరి రెక్కల కష్టముపై వేసిరో తెలియక పయనించువానికిఁ గొండలు మాత్రమే కనఁబడును, కథ కనఁబడదు. అందుచేత ముందుగాఁ గథను మనవి చేసెదను.

కాండీ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 500 మీటరుల యెత్తున నున్నది. సింహళమున 'కంద' యనఁగాఁ గొండ. ఆ మాటయే పరదేశీయుల నోటఁబడి కాండీ యయ్యెను. స్థానికులు ఆ పట్టణమును మహానువర యందురు. 'నువర' యనునది మన 'నగర' శబ్దమునకు వికృతియే. నువరఎలియ 1,868 మీటరుల యెత్తున నున్నది. అనఁగా ఒక పట్టణమునుండి మఱియొక పట్టణమునకుఁ బోవువాఁడు ఒక్క పూఁటలో పదుమూఁడు వందల మీటరులకుఁ బైగా నెక్కవలెను. బాట వెంబడిఁ బోయిన యెడల దూరము సుమారు 77 కిలోమీటరులు. రైలుదారి కొండలఁ జుట్టి చుట్టి పోవును గనుక సుమారు 100 కిలోమీటరులు.

ఇపుడు పూర్వకథ. 1815వ సంవత్సరమునకు ముందు ఈ నాట బండి నడచునట్టి బాట యొక్కటియు లేదు. వేయఁజేతగాక కాదు, వేయరాదను రాజనీతి వలన లేదు. పోర్చుగీసువారును, వారి తరువాత డచ్చివారును, ఆంగ్లేయులును సముద్రతీరమును ఆక్రమింపఁగా, కొండల నడుమనున్న కాండీ రాజ్యమునకు అడవియే కోట, ఇఱుకుదారియే అగడ్త. ఒకరి వెనుక నొకరు నడువఁదగిన కాలిబాటలు, వానికి అడ్డముగా ముండ్లకంపల ద్వారములు, ఆ ద్వారములకడఁ గావలివారు. 1660 మొదలు 1679 వఱకు అచ్చట బందీగానుండిన రాబర్టు నాక్సు అను ఆంగ్లేయుఁడు ఈ ముండ్లద్వారములను గూర్చి వ్రాసియున్నాఁడు. 1803లో ఆంగ్లేయుల దండు కాండీపైకి వచ్చి పట్టణమునైతే పట్టుకొన్నది గాని, జ్వరములచేతను, ఆహారములు చేరక పోవుటచేతను నశించినది. దారి లేకుండుటయే ఆనాఁటి దేశరక్షణ.

ఈ రాజ్యమునకు తుది రాజులు మనకుఁ బరాయివారు కారు. 1739లో వీర నరేంద్రసింహుఁడు సంతానము లేక మరణింపఁగా, మధురనుండి వచ్చిన యాతని రాణి సోదరుఁడు శ్రీవిజయ రాజసింహుఁడను పేర సింహాసనమెక్కెను. మధుర నాయకరాజులు విజయనగరమువారు పంపిన తెలుఁగు దండనాయకుల సంతతి యని మీరెఱుఁగుదురు. ఆ నాయకర్ బంధువర్గమునకుఁ జెందినవారే నలుగురు వరుసగాఁ గాండీని 1815 వఱకు ఏలిరి. వారిలోఁ గీర్తిశ్రీ రాజసింహుఁడు సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి, లుప్తమైన ఉపసంపదను 1753లో బౌద్ధసంఘమున మరల నెలకొల్పెను. తుదివాఁడు శ్రీవిక్రమ రాజసింహుఁడు. కాండీలో యాత్రికులు నేఁడు మురిసి చూచు చెఱువు ఆయన త్రవ్వించినదే. 1815లో సొంత సామంతులే పరులతోఁ జేతులు కలుపఁగా ఆయన పట్టువడి, వేలూరు కోటలో బందీగానుండి, 1832లో అచ్చటనే కన్నుమూసెను.

రాజు పోయిన పిమ్మట ఆంగ్లేయులు మొట్టమొదట గ్రహించినది యీ సంగతియే: దారి లేకుండుట రాజ్యమును గాచినది, కాఁబట్టి దారి వేయుటయే దానిని వశముననుంచును. గవర్నరు ఎడ్వర్డు బార్న్సు కొలంబో-కాండీ బాటను వేయింప సంకల్పించెను. డాసను అను ఇంజనీరు ఆ పనిలోనే 1829లో మరణించెను. కడుగన్నావ కనుమకడ ఆయన పేరిట నొక స్తంభము నేఁటికిని నిలిచియున్నది. అచ్చటనే ఒక పెద్దబండను దొలిచి బాటను నడిపిరి. కొండను దొలిచి వచ్చు శత్రువునకు గాని కాండీ వశము కాదని యొక ఐతిహ్యముండెడిదఁట. దానిని నమ్మినను నమ్మకున్నను, జనుల మనసులలో ఆ రంధ్రము రాజ్యనాశమునకు ముద్రగా నిలిచినది. 1832లో గుఱ్ఱపు టపాబండి కొలంబోనుండి కాండీకి నడువసాగెను.

ఈ బాటలకు రాయి మోసినదెవరు? సింహళ రాజ్యమునఁ బూర్వమునుండి 'రాజకారియ' యను ఆచారము కలదు. భూమిని అనుభవించువాఁడు రాజునకు ఇన్ని దినములు పని చేసి పెట్టవలెను. మన పల్లెలలోని వెట్టివంటిదే. క్రొత్త దొరలు ఈ పాత ఋణమును బాటపనికి మలఁచుకొనిరి. 1832లో దానిని రద్దుచేసిరి. పదునాఱేండ్లు గడవకమున్నే, 1848లో, అది మాఱు పేరుతో వచ్చినది: సత్తువగల ప్రతి పురుషుఁడును ఏఁటికి ఆఱు దినములు బాటలపైఁ బనిచేయవలెను, లేదా రొక్కము చెల్లింపవలెను. భిక్షాపాత్రము తప్ప వేఱేమియు లేని బౌద్ధ భిక్షువులకు సైతము మొదట మినహాయింపు లేకపోయెను. ఇంకను పెక్కు పన్నులు తోడయ్యెను. ఆ యేఁటనే మాతలె ప్రాంతమున జనులు తిరుగఁబడిరి. నాయకులలో నొకఁడగు పురన్ అప్పును కాల్చి చంపిరి. తాను నడువని బాటకుఁ దాను రాయి మోయవలసి వచ్చుటయే రైతు కడుపుమంట.

నిజమునకు ఆ బాటలు ఎవరికొఱకు? కొంత సైన్యముకొఱకు, కొంత దొరల విశ్రాంతికొఱకు, మిక్కిలిగాఁ గాఫీకొఱకు. 1819లో జాన్ డేవీ యను వైద్యుఁడు నువరఎలియ మైదానమును జూచి దాని చల్లదనమును గొనియాడఁగా, బార్న్సు అచ్చట నొక భవనము కట్టించుకొని, జబ్బుపడిన సైనికులకు ఆరోగ్యస్థానమును నెలకొల్పెను. కాఫీతోఁటలు పెరిగినకొలఁది గంపొల, పుస్సెల్లావ, రంబొడ మీఁదుగాఁ గొండబాట సాగినది. దొర గుఱ్ఱముపై నెక్కెను, కాఫీ మూట ఎడ్లబండి నెక్కెను. తోఁటలో పనిచేయువాఁడు మాత్రము నడచెను.

ఆ నడక యెట్టిదో వినుఁడు. తమిళదేశపు కరవుప్రాంతములనుండి కూలీలు రామేశ్వరము దెసను పడవలెక్కి మన్నారు తీరమున దిగి, అచ్చటనుండి జలము చాలని అడవులగుండ నూఱు మైళ్ళకుఁ బైగాఁ గాలినడకను కొండసీమకుఁ బోవువారు. కలరా, మసూచి, ఆఁకలి దారి పొడవునఁ గాచియుండెడివి. చేరినవారెందఱో, చేరక దారిలో నొఱిగినవారెందఱో! వారిని పిలుచుకొనిపోవువానిని కంగాణి యందురు. మన విశాఖ, గోదావరి మండలములనుండి కూలీలను రంగూనునకుఁ గొనిపోయిన మేస్త్రీని ఎఱిఁగినవారికి ఈ కంగాణిని వేఱుగా వర్ణింప నక్కఱలేదు. ఏ వాహనమున పోదమను ప్రశ్న వారికిఁ గలుగనే లేదు.

ఇఁక ఇనుపదారి. కాఫీని ఎడ్లబండ్లపై నోడరేవునకుఁ జేర్చుటకుఁ గాలమును, వ్యయమును మిక్కిలి యగుచుండెను. తోఁటల యజమానులు పట్టుపట్టఁగా రైలు 1867లో కాండీకి వచ్చెను. 1874లో నావలపిటియకు, 1885లో నానుఓయకుఁ జేరినది. ఇందులోని విధివిలాసమును గమనింపుఁడు. 1869లో కాఫీ ఆకుకు ఒకవిధమగు తుప్పుతెగులు తగిలి, ఇరువదేండ్లలోఁ దోఁటలన్నియు మాడిపోయెను. కాఫీకొఱకు మొదలిడిన రైలు కొండపైకెక్కునప్పటికిఁ గాఫీయే లేదు! అయితే 1867లోనే జేమ్సు టెయిలరు లూలకందెర తోఁటలో తేయాకును నాటియుండెను. రైలు దానిని మోసినది. నేఁడు మనము కిటికీలోనుండి చూచి ఆనందించు పచ్చని తివాచీ ఆ తెగులు తరువాత పుట్టినదే.

రైలుమార్గము మన దేశపు పెద్ద లైనువలె ఐదున్నర అడుగుల వెడల్పు గలది. ఊటీ రైలువలెఁ బండ్లచక్రము లేకయే, నలువదినాలుగడుగులకు ఒక అడుగు చొప్పున నెక్కుచు, హట్టను దాఁటినపిదప ఒక పెద్ద సొరంగము దూఱి, తలవాకెలెకడ జలపాతములఁ జూపుచు నానుఓయ చేరును. ఆపైన పట్టిపొల దాఁటి, 1924లో బదుళ్ళ వఱకు సాగినది. నానుఓయనుండి నువరఎలియ మీఁదుగా రాగల వఱకు రెండున్నర అడుగుల చిన్నరైలొకటి 1904 నుండి నడచెను గాని, మోటారుల పోటీకి తాళలేక 1940-50 నడుమ మూఁతపడినది. కావున నేఁడు రైలెక్కినవాఁడును చివరి కొలఁది మైళ్ళకు మోటారు నాశ్రయింపక తప్పదు.

ఈ రైలు మఱియొక బరువునుగూడ మోసినది. దేశము స్వతంత్రమైన 1948వ సంవత్సరముననే యొక చట్టముచేత తోఁటకూలీలలోఁ బెక్కుమందికిఁ బౌరసత్వము లేకపోయెను. 1964లో శ్రీ లాల్ బహదూర్ శాస్త్రిగారును, శ్రీమతి సిరిమావో బండారనాయకెగారును చేసికొన్న యొడంబడిక ప్రకారము 5,25,000 మందిని భారతదేశము గ్రహింపవలెననియు, 3,00,000 మందిని సింహళము ఉంచుకొనవలెననియు ఏర్పాటయ్యెను. తాతలు నడచి యెక్కిన కొండను మనుమలు రైలులో దిగిరి. అన్న పోవఁ దమ్ముఁడుండుట, బిడ్డ పోవఁ దల్లియుండుట తటస్థించి, ఆ స్టేషనులలోఁ గన్నీరు కాలువలయ్యెను. మిగిలియున్నవారికిఁ బౌరసత్వసమస్య 2003 నాఁటి చట్టముతోఁ గాని తీరలేదు.

ఇపుడు మా యూరివారి ప్రశ్నకు వత్తము. ఎక్కునపుడు రైలు, దిగునపుడు మోటారు మేలని నా యభిప్రాయము. రైలునకు సుమారు నాలుగు గంటలు పట్టును, మోటారు అంతకంటె త్వరగాఁ జేరును. కాని రైలు నెమ్మదిగా నెక్కునపుడు ఎత్తు మాఱుట, చెట్లు మాఱుట, చలి సోఁకుట క్రమముగాఁ దెలియును. వృద్ధులకుఁ గాళ్ళు చాఁచుకొను వీలుండును. రంబొడ బాట మలుపులు తల తిరుగువారికిఁ గష్టము. అయితే మోటారును జలపాతముకడ నిలుపవచ్చును, తేయాకు కార్ఖానాలోఁ జూడవచ్చును. రైలు మనకొఱకు నిలువదు. కొండచరియలు విఱిగిపడుట ఆ సీమలోఁ గలదు. 2025 నవంబరు తుదిని వచ్చిన తుఫానునకు ఈ కొండ రైలుమార్గము మిక్కిలి దెబ్బతిన్నది. కాఁబట్టి రైలు ఎంతవఱకు నడచుచున్నదో ముందుగా విచారించుకొనియే బయలుదేరుఁడు. సీతమ్మవారి గుడి నువరఎలియకు ఆవల, హక్‌గల తోఁటకుఁ బోవు బాటపై నున్నది. అదియే అశోకవనమని భక్తుల విశ్వాసము. అది చరిత్రమున నిరూపింపఁబడినది కాదు. చేతులు జోడించుటకు నిరూపణముతోఁ బనిలేదు.

మనవారు తిరుమలకు మెట్లదారిని నడచుచుండఁగా 1944లో ఘాటురోడ్డు వచ్చినది. నడువలేనివానికి స్వామి దగ్గఱయ్యెను, అది మేలే. దారి యన్నది తనంతట మంచిదియుఁ గాదు, చెడ్డదియుఁ గాదు. ఎవరి మెడ వంచి వేసిరి, ఎవరిని చేర్చినది అను రెండు ప్రశ్నలచేతనే దాని విలువ తేలును. మీరు ఆ కొండ నెక్కునపుడు, రైలైనను సరే, మోటారైనను సరే, ఒక్క నిమిషము కిటికీ బయట తేయాకు కోయుచున్న ఆఁడువారిని జూడుఁడు. వారి ముత్తవ్వలు ఆ కొండను నడచి యెక్కినవారని తలఁచుకొనుఁడు. అంతియే నా మనవి.