శ్రోతల మాట: గ్రామఫోను ప్లేటు మొదలు పాటల చీటి వరకు

సంగీత చరిత్ర వ్రాయువారు గాయకుని గూర్చియు, రచయితను గూర్చియు, రికార్డును వెలువరించిన కంపెనీని గూర్చియు వ్రాయుదురు. విన్నవారిని గూర్చి వ్రాయుట అరుదు. కారణము స్పష్టమే. కంపెనీ తన జాబితా నచ్చొత్తించినది. శ్రోత తాను వినుచున్నదానిని పొరుగువారికి నోటితో చెప్పి ఊరకుండెను. అయినను ఏ పాట ఎంతదూరము పోయినదో కంపెనీ జాబితా చెప్పజాలదు. అది అమ్మకమునకు పెట్టిన సరకుల పట్టిక మాత్రమే. తాను వినుచున్న ప్లేటును గూర్చి ఒక శ్రోత మరియొక శ్రోతతో చెప్పిన మాటయే వినికిడి చరిత్రకు ప్రథమాధారమని మా యభిప్రాయము. ఆ మాట మన దేశమున ఏ యే రూపములు దాల్చెనో ఇచ్చట పరిశీలింతము.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి గానమును రికార్డు చేసెను. ప్లేట్లు జర్మనీలోని హానోవరు నగరమున తయారై ఓడలపై వచ్చెడివి. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. గౌహర్ జాన్ తొలి రికార్డులలో పాట ముగియగానే ఆమె తన పేరు తానే చెప్పుట వినవచ్చును. ఏ ప్లేటు ఎవరిదో హానోవరులోని పనివారు గుర్తించుటకై ఈ పద్ధతి యేర్పడినదందురు. కాని దాని ఫలితము అచ్చటితో ఆగలేదు. ప్లేటు నడుమ నంటించిన కాగితమును చదువలేని శ్రోతకు సైతము గాయని పేరు తెలిసినది. పేరు తెలిసినవాడు ఆ ప్లేటును మరల అడుగగలడు, ఇతరులకు చెప్పగలడు.

పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములే పాడును. దీర్ఘమైన రచనకు పలు ప్లేట్లు కావలసివచ్చినందున, పాశ్చాత్య దేశములలో వానిని కాగితపు సంచులు గల పుస్తకముగా కుట్టి అమ్మిరి. ఆల్బమన నదియే. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును తెచ్చిన పిదప పుస్తకము పోయినను పేరు నిలిచినది. తెలుగునాట నాటకములును ఇట్లే ప్లేట్ల సెట్లుగా వెలువడినవి. పెట్టె ఖరీదైనది గనుక కొన్నవారు కొందరు, విన్నవారు పెక్కుమంది. ఒకరు కీ యిచ్చి ముల్లు మార్చుచుండగా చుట్టు కూర్చున్నవారు తరువాతి ప్లేటును కోరెడివారు. పెండ్లిపందిళ్లకును శ్రీరామనవమి పందిళ్లకును మైకుసెట్లు వచ్చిన పిదప ఊరంతయు శ్రోతయయ్యెను.

సాహిత్య విద్యార్థులకు ఇందు ముఖ్యమైన విషయ మొకటి కలదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ను ఘంటసాల వేంకటేశ్వరరావుగారు రికార్డుగా పాడిరి. కావ్యమంతయు అందు ఇమడదు. కొన్ని పద్యములను గ్రహించి, నడుమ వచనముతో కలిపి పాడిరి. ఈనాటికిని ఆ పద్యములను చదువుమనిన, విద్యార్థి చదువడు, పాడును. అదియు ఘంటసాల వరుసలోనే పాడును. గ్రంథము నెన్నడును తెరువని యిండ్లలోను ఆ కావ్యము నిలుచుటకు ఇదియే కారణము. జాషువగారి శ్మశాన పద్యములు హరిశ్చంద్ర నాటకమున చేరిన పిదప వానిని బలిజేపల్లివారివేయని తలచిన శ్రోతలును ఉండిరి. పద్యము కర్తపేరును విడిచి వేషధారి గొంతుతో ప్రయాణము చేసినది. ఇట్టి విషయములను అచ్చుప్రతుల ముద్రణ సంఖ్యల నుండి తెలిసికొనుట యెట్లు?

వినువారి మాట తొలిసారిగా బహిరంగమైనది రేడియోలో. 1952లో కేస్కరుగారు కేంద్ర ప్రసారశాఖ మంత్రియైన పిదప ఆకాశవాణిలో సినిమాపాటలు సన్నగిల్లెను. శ్రోతలు రేడియో సిలోను వైపు మరలిరి. ఆ యేడు డిసెంబరు 3వ తేదీన అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ను ప్రారంభించెను. 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసినది. ఇక కోరిన పాటల కార్యక్రమములలో పాటకు ముందు కోరినవారి పేర్లును, ఊళ్ల పేర్లును చదువుట ఆచారమయ్యెను. నేటి జార్ఖండులోని ఝుమ్రీ తలైయా యను అభ్రకపు గనుల పట్టణము ఈ కార్డుల మూలముననే దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. ఆ ఊరిని హాస్యమునకు వాడుకొనుట పరిపాటియైనది గాని, మాకది న్యాయముగ తోచదు. కార్డు వ్రాసినవాడు ఆ పాటను ఎరుగనివాడు కాడు. ఎన్నియో సార్లు విన్నవాడే. తాను మరల వినుటతో పాటు, తన పేరుతో ఇతరులును వినవలెనని ఆతని కోరిక. ఒకే కార్డుపై మిత్రుల పేర్లును, బంధువుల పేర్లును వరుసగా చేర్చుటలోని ఉద్దేశము మరేమి? చదివిన పేర్లు గాలిలో కలిసినవి గాని, ఆనాడు తన పేరును రేడియోలో విన్నవారు ఇప్పటికిని ఆ పాటయేదో చెప్పగలరు. అట్టివారిని అడిగి వ్రాసికొనుటకు కాలము మించిపోవుచున్నది.

తరువాతి ఆధారము కాగితముపై నున్నది. ఫిలిప్సు కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన పట్టణములలో విరివిగా వ్యాపించినది 1980 తరువాతనే. రికార్డింగు సెంటరునకు పాటల చీటిని తీసికొనిపోయి ఖాళీ టేపుపై ఎక్కించుకొనుట ఆనాటి వాడుక. చట్టము దృష్టిలో ఇది హక్కుల నతిక్రమించుటయే. కాని చరిత్రకారునకు ఆ చీటి కంపెనీ జాబితాకంటె విలువైనది. ఏ పాట ముందో, ఏది తరువాతనో నిర్ణయించినది శ్రోతయే. మేము చూచిన కొన్ని చీటీలలో త్యాగరాజ కీర్తన ప్రక్కనే సినిమాపాటయు, దాని క్రింద నాటకపద్యమును కలవు. గ్రంథాలయములలో మనము వేర్వేరు బీరువాలలో నుంచునవి ఒకే చేతివ్రాతలో కలిసియున్నవి. కొన్నింట కొట్టివేతలు కలవు. అరువది నిమిషముల టేపునకు ప్రక్క కొక ముప్పది నిమిషములు. తొమ్మిదవ పాటకు చోటు చాలునో చాలదో తెలియక, దాని యెదుట ‘మిగిలితే’ అని వ్రాసిన చీటియు ఒకటి మా కంటబడినది.