తేనె లేని తేనెతుట్టె

మెల్‌బోర్న్‌లో ఉండే మా అక్క జులైలో వస్తూ రెండు రకాల చాక్లెట్ బార్లు తెచ్చింది: వయొలెట్ క్రంబుల్, క్రంచీ. శామీర్‌పేట చెరువు దగ్గర టీ తాగుతూ రెండూ విరిచాం. మొదటిది గాజుపెంకులా పగిలింది. రెండోది పొడిపొడిగా నలిగి పళ్ళకి అతుక్కుంది. నా ఓటు మొదటిదానికే. రెండిట్లోనూ తేనెతుట్టెలాంటి గదులున్నాయి గానీ నాకు తేనె రుచి తగల్లేదు.

అదంతా పాకం పనే. పల్లీపట్టీకి పట్టే ముదురు పాకంలో తినేసోడా కలిపితే, ఆ వేడికి కార్బన్ డయాక్సైడ్ పుట్టి బుసబుసా పొంగుతుంది. చల్లారాక బుడగలు అలాగే గట్టిపడతాయి.

మరి పైన చాక్లెట్ ఎందుకు? రుచి కోసమేననుకునేవాణ్ణి. 1913లో వయొలెట్ క్రంబుల్‌ని తెచ్చింది మెల్‌బోర్న్ మిఠాయి వ్యాపారి ఏబెల్ హోడ్లీ. ముక్కలు గాలిలో తేమ పీల్చి ఒకదానికొకటి అంటుకుపోతుంటే చాక్లెట్‌లో ముంచాడంటారు. అంటే మనం లొట్టలేసేది రెయిన్‌కోటుకన్నమాట! క్రంచీ 1929లో ఇంగ్లండ్‌లో ఫ్రై కంపెనీ నుంచి వచ్చింది. ఆ కంపెనీ అప్పటికే క్యాడ్‌బరీలో కలిసింది. మన మేడ్చల్ కిరాణా కొట్లో కూడా తెలిసిన పేరు క్యాడ్‌బరీదే, పదహారేళ్ళ పెద్దది మాత్రం హోడ్లీ సరుకు.

అమ్మ కోసం సగం ముక్క మేడ్చల్ ఇంటికి తెచ్చి ప్లేటులో పెట్టా. రాత్రంతా వాన. పొద్దున చూస్తే చాక్లెట్ ఉన్న వైపు బాగానే ఉంది, విరిగిన వైపు జిగటగా కారుతోంది. అమ్మ వేలితో అద్ది నాకింది.

"పాకమే గదరా! డబ్బాల పెట్టి మూత బిగించకపోతివా?"