గాలికి ఎదురు బరువు: నేల మీది సోలార్ ప్యానెళ్ల దిమ్మెల చరిత్ర

నేల మీద వాలుగా నిలబెట్టిన సోలార్ ప్యానెల్‌కు విస్తీర్ణం ఎక్కువ, బరువు తక్కువ. రెండు చదరపు మీటర్ల ప్యానెల్ తూగేది ఇరవై పాతిక కిలోలే. మన దేశంలో ప్యానెళ్లను దక్షిణానికి వాల్చి పెడతారు కాబట్టి ఉత్తరపు గాలి అడుగున చేరి పైకి ఎత్తుతుంది, దక్షిణపు గాలి వెనక్కి తోస్తుంది. ప్యానెల్ లేచిపోకుండా, జరగకుండా, బోర్లా పడకుండా చూడటం ఈ పనిలో మొదటి నుంచీ ఉన్న సమస్య.

గాలి బలాన్ని లెక్కగట్టడం సోలార్ కంటే చాలా పాతది. ఇంగ్లండ్ ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లోనే గాలి వేగానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధాన్ని పట్టికగా ప్రచురించాడు. 1879 డిసెంబరు 28న స్కాట్లండ్‌లో టే వంతెన తుఫానులో కూలి, రైలు నదిలో పడిపోయింది. కట్టడాల లెక్కల్లో గాలిని వదిలేయకూడదని ఇంజనీర్లకు ఆ ప్రమాదంతో గట్టిగా తెలిసివచ్చింది. మన దేశంలో ఈ లెక్కకు ఆధారం ఐఎస్ 875 ప్రమాణంలోని మూడో భాగం. 1987లో వెలువడిన ఆ భాగాన్ని 2015లో సవరించారు. అందులో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు మూల వేగాలు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 50 మీటర్ల వేగం దగ్గర అది చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం.

మొదటి పెద్ద సోలార్ కేంద్రాలు గాలిని తట్టుకోవడానికి నేలనే నమ్ముకున్నాయి. 1982లో కాలిఫోర్నియాలోని హెస్పీరియాలో ఆర్కో సోలార్ సంస్థ ఒక మెగావాట్ కేంద్రం కట్టి, సూర్యుడి వెంట తిరిగే 108 చట్రాలను స్తంభాల మీద నిలిపింది. 2000లో జర్మనీ పునరుత్పాదక విద్యుత్ చట్టం తెచ్చాక అక్కడ సోలార్ పొలాలు పెరిగాయి. ఇనుప స్తంభాలను యంత్రంతో నేలలోకి దిగగొట్టే పద్ధతి మామూలైంది. కాంక్రీటు పోయనక్కర లేదు, పని తొందరగా తెములుతుంది. నేల అనుకూలిస్తే నేటికీ ఇదే చవకైన దారి.

తవ్వడానికి వీల్లేని చోట బరువు తప్ప దారి లేదు. అలాంటి మొదటి చోటు చదును డాబా. రంధ్రం పెడితే కప్పు కారుతుంది. అందుకే 1990లలో నెదర్లాండ్స్‌లో ప్లాస్టిక్ తొట్లలో కంకర నింపి వాటి మీద ప్యానెళ్లు బిగించారు. రేకులు ఎగిరిపోకుండా వాటి మీద రాళ్లు, ఇసుక బస్తాలు పెట్టే మన ఊళ్ల ఉపాయం వంటిదే ఇది.

రెండో చోటు మూసేసిన చెత్త డంపింగ్ యార్డు. అమెరికాలో 1991 నిబంధనల ప్రకారం అలాంటి యార్డును కనీసం 18 అంగుళాల అడ్డుపొరతో, దాని మీద 6 అంగుళాల మట్టితో కప్పాలి. రెండడుగుల ఆ కప్పులోకి స్తంభం దిగితే వాన నీరు చెత్తలోకి ఇంకుతుంది, లోపలి వాయువు బయటికి వస్తుంది. 2008లో ఆ దేశపు పర్యావరణ సంస్థ పాడుబడిన స్థలాల్లో పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తర్వాత యార్డుల మీద కాంక్రీటు దిమ్మెల వాడుక విస్తరించింది. అక్కడ బరువుకూ హద్దుంది. కింద చెత్త కుళ్లి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగుతుంది. అందుకే దిమ్మె అడుగు వెడల్పుగా, చట్రం కొంత సర్దుకునేలా ఉండాలి.

ఎంత బరువు కావాలో ఒక్క ప్యానెల్‌తో చూడవచ్చు. చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి పూర్తిగా పైకి ఎత్తితే, రెండు చదరపు మీటర్లకు 300 కిలోలు. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు. కాబట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అరమీటరు చొప్పున ఉన్న దిమ్మె సరిగ్గా ఆ బరువు తూగుతుంది. వాలు, ఎత్తు, పరిసరాలు, వరుసలో ప్యానెల్ ఉన్న స్థానాన్ని బట్టి అసలు లెక్క మారుతుంది.

ఈ తేడాలను విండ్ టన్నెల్ పరీక్షలు తేల్చాయి. బయటి వరుసలు, అంచులు గాలి దెబ్బను ముందు కాస్తాయి, లోపలి వరుసలకు వాటి చాటు దొరుకుతుంది. అందువల్ల అంచుల్లో దిమ్మెలు బరువుగా, లోపల తేలికగా ఉండవచ్చు. 2012లో కాలిఫోర్నియా నిర్మాణ ఇంజనీర్ల సంఘం చదును డాబాల ప్యానెళ్లకు గాలి లెక్క విధానం ప్రచురించింది. నేల మీది స్థిర వాలు ప్యానెళ్లకు ప్రత్యేక నియమాలు అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 7లో 2022 కూర్పుతో వచ్చాయి.

బరువును నమ్ముకున్న పెద్ద ఉదాహరణ తెలంగాణలోనే ఉంది, అయితే అది నీటి మీద. 2022 జులై 1 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చిన రామగుండం ఎన్టీపీసీ తేలియాడే కేంద్రం సామర్థ్యం 100 మెగావాట్లు. సుమారు 500 ఎకరాల జలాశయంలో 40 భాగాలు, ఒక్కో భాగంలో 11,200 ప్యానెళ్లు. వాటిని తాళ్లతో అడుగున ఉన్న కాంక్రీటు దిమ్మెలకు కట్టారు. నీటి తేల్చే బలం వల్ల అక్కడ 2,400 కిలోల దిమ్మె 1,400 కిలోల పనే చేస్తుంది. ఆ తగ్గుదలను లెక్కలో వేసుకోక తప్పదు.

దిమ్మె బరువు కంటితో అంచనా వేసేది కాదు. ఐఎస్ 875 మూడో భాగపు 2015 సవరణలో తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు కట్టడాలకు తుఫాను గుణకం కూడా చేరింది. కోస్తాలో పొలంలోనో డాబా మీదనో ప్యానెళ్లు పెట్టించుకునేవారు ఆ ప్రమాణం ప్రకారం వేసిన లెక్క కాగితం అడిగి తీసుకోవాలి.