ముప్పై రెండు పోట్లు

1757 జనవరి. బొబ్బిలి కోట కూలి రెండు రోజులు దాటింది. విజయనగరం విడిదిలో సందడి సద్దుమణిగాక పొదల్లోంచి ఇద్దరు బొబ్బిలి సైనికులు లేచారు. కావలివాళ్లు అడ్డగిస్తే తెలుగులోనే జవాబు చెప్పారు. మాటతీరు తమదే కదాని వదిలేశారు. డేరా వెనక గుడ్డ ఎత్తి నేలమీద పాకుతూ లోపలికి దూరారు. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఒంటరిగా నిద్రపోతున్నాడు. భారీ మనిషి, సాయం లేనిదే లేవలేడు. రెండు బాకులు ఒకేసారి దిగాయి. మూలుగు విని వచ్చిన కాపలావాడు పేల్చిన తూటా గురి తప్పింది. పారిపోయే వీలున్నా లేకున్నా ఆ ఇద్దరికీ ఆ ధ్యాసే లేదు. శవాన్ని చూపించి, మా పని అయిందన్నారు. గుంపు వాళ్లను అక్కడే కాల్చేసింది. రాజు ఒంటిమీద 32 పోట్లు.

ఆనాడు మద్రాసు కౌన్సిల్లో సభ్యుడైన రాబర్ట్ ఓర్మ్ తన చరిత్రలో రాసిన ఉదంతమిది.

దీని వేరు పుదుచ్చేరి పక్కన బాహూరులో ఉందంటే బొబ్బిలివాళ్లు నవ్వుతారేమో! 1752 సెప్టెంబరు 6న అక్కడ ఫ్రెంచి గవర్నరు డూప్లే బంధువు కెర్జాన్ నడిపిన సేనను ఇంగ్లీషు సేనాని లారెన్స్ ఓడించాడు. కర్ణాటకంలో పట్టు సడలుతున్న ఫ్రెంచివారికి మరుసటేడు హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కారులు రాసిచ్చాడు. బకాయిల వసూలుకు వచ్చిన బుస్సీ దగ్గర ఫిరంగులున్నాయి. విజయరామరాజు దగ్గర బొబ్బిలి మీద పాత పగ ఉంది. 1757 జనవరి 24న రెండూ కలిసి కోట మీద పడ్డాయి. ఓటమి తప్పదని తెలిశాక లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు. బొబ్బిలి రాజు రంగారావు నేలకొరిగాడు.

బుర్రకథ ఈ కథను ఊరూరా తిప్పింది. వేదం వేంకటరాయశాస్త్రి 1916లో నాటకం చేశారు. 1964లో సీతారాం తీసిన ‘బొబ్బిలి యుద్ధం’లో రంగారావుగా ఎన్టీఆర్, రాణి మల్లమ్మగా భానుమతి, తాండ్ర పాపారాయుడిగా ఎస్వీ రంగారావు. 1986లో దాసరి ఆ పాపారాయుడినే సినిమా పేరు చేసి కృష్ణంరాజుకిచ్చారు.

ఓర్మ్ రాతలో పేరులేని ఇద్దరు, జనం నోట పాపారాయుడయ్యారు. తెరకు ఒక కథానాయకుడు కావాలి, సరే. ఎస్వీఆర్ నడకే చాలు, కోట కూలినా మనిషి కూలలేదనిపిస్తుంది. అయినా నాకు లోటుగానే ఉంటుంది. పగ తీర్చుకున్నది ఒక వీరుడంటే చప్పట్లు కొడతాం. ఏలిక పోయాక ఏ జీతమూ బహుమానమూ ఆశించే వీలులేని మామూలు సైనికులు అంటే, ఎందుకు చేశారని అడగాల్సి వస్తుంది. విషాదమంతా అక్కడుంది.

బుస్సీ 1785లో పుదుచ్చేరిలో, వృద్ధుడై పోయాడు. విజయరామరాజును చంపుతామని ప్రమాణం చేసింది నలుగురని ఓర్మ్ చెబుతాడు. ఆ ఇద్దరూ విఫలమైతే మిగతా ఇద్దరు వెళ్లాలని ఒప్పందం. అడవిలో కూర్చుని తుపాకీ మోతలు విన్న ఆ మిగిలిన ఇద్దరి మీద ఎవరైనా సినిమా తీస్తే, మొదటి ఆటకు టిక్కెట్టు నాది.