ముల్లు మధ్యకొస్తేనే కిక్కు

రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరుతో మొదటి మోటారు సైకిల్ 1901లో వచ్చింది. అంటే 125 ఏళ్లు. కొత్త బుల్లెట్ కొనుక్కోవాలా, పాతది వెతికి బాగుచేయించుకోవాలా అన్న ప్రశ్న ఇప్పుడు మెకానిక్ షెడ్డుల్లో రోజూ వినపడుతోంది. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లండులోని రెడ్డిచ్ కుట్టు సూదులకు పేరుపడ్డ ఊరు. ఆ సూదుల పనిలోంచే ఈ కంపెనీ పుట్టి, సైకిళ్లలోకి వెళ్లింది. ఎన్‌ఫీల్డ్‌లో ఉన్న ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి తుపాకీ భాగాలు సరఫరా చేయడంతో ఆ ఊరి పేరే దీనికీ వచ్చింది. కంపెనీ ఫిరంగి గుర్తు అప్పటిదే. 1932లో ‘బుల్లెట్’ అన్న పేరు పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం గడిచింది. 1949 నాటికి మద్రాస్ మోటార్స్ ద్వారా మన దేశంలోకి వచ్చింది. సరిహద్దు గస్తీకి గట్టి బండి కావాలని సైన్యం దీన్నే ఎంచుకుంది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మరుసటి ఏడాది మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో తయారీ మొదలైంది. 1970కల్లా ఇంగ్లండులో ఈ బండ్ల తయారీ ఆగిపోయింది, మద్రాసులో ఆగలేదు. 1977 నుంచి మద్రాసు బుల్లెట్లు ఓడెక్కి ఇంగ్లండుకే వెళ్లాయి. ఆ ఒక్క సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

ఇక నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. తెనాలి దగ్గర మా మేనమామ ఇంటి అరుగు పక్కన ఉండే నల్ల బుల్లెట్. పోత ఇనుప ఇంజను, 346 సీసీ. సెల్ఫ్ లేదు. కిక్కు ఒక్కటే దారి, దానికీ ఒక పద్ధతి ఉంది.

హెడ్‌లైటు పైన చిన్న గుండ్రటి ఆంపియర్ మీటరు ఉంటుంది. తాళం తిప్పి కిక్‌రాడ్డును మెల్లగా తొక్కుతుంటే అందులో ముల్లు ఎడమకు వాలి ఉంటుంది. స్పార్కు పుట్టించే పాయింట్లు కలిసి ఉన్నాయని, కరెంటు లాగుతోందని దానర్థం. ఇంకొంచెం తొక్కితే కాలికి గట్టిగా అడ్డు తగులుతుంది, ముల్లు మధ్యకొస్తుంది. పాయింట్లు విడిపోయాయి, పిస్టను పైకొచ్చింది. అప్పుడు ఎడమ చేతి దగ్గరున్న చిన్న డీకంప్రెసర్ లీవరు నొక్కి, లోపలి గాలిని వదిలేసి, పిస్టనును వెంట్రుకవాసి దాటించాలి. లీవరు వదలాలి. రాడ్డును పూర్తిగా పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్కటే కిక్కు.

“కాలు కాదురా, ముల్లు చూడు” అనేవాడు మామయ్య. పద్నాలుగేళ్ల వయసులో ఒకసారి ముల్లు చూడకుండా తొక్కాను. రాడ్డు రివర్స్ కొట్టింది. మడమ వాచి మూడు రోజులు నేల మీద పెట్టలేకపోయాను. మామయ్య తిట్టలేదు. నాలుగో రోజు మళ్లీ బండి దగ్గరికి పిలిచి, నా చెయ్యి పట్టుకుని లీవరు మీద పెట్టాడు. ఈసారి ఒక్క కిక్కుకే లేచింది. నెమ్మదైన ఆ డుగుడుగు శబ్దం కాళ్లలోంచి పొట్టలోకి ఎక్కింది. ఆ శబ్దం సైలెన్సరుది మాత్రమే కాదు. 90 మిల్లీమీటర్ల పొడవాటి స్ట్రోకుది, లోపల తిరిగే బరువైన ఫ్లైవీలుది.

గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. వేరే బండి అలవాటున్నవాళ్లు మొదటి రోజు బ్రేకనుకుని గేరు తొక్కేవాళ్లు.

ఇక కంపెనీ తర్వాతి కథ. 1994లో అది ఐషర్ గ్రూపు చేతిలోకి వెళ్లింది. గేర్లు ఎడమకాలికి మారాయి, సెల్ఫ్ వచ్చింది, కాలుష్య నిబంధనలతో పోత ఇనుప ఇంజను పోయింది. 2009లో పాత రూపంతో ‘క్లాసిక్’ వచ్చి కుర్రకారును లాక్కుంది. 2020లో కొత్త తరం 349 సీసీ ఇంజను మొదలై, 2023లో బుల్లెట్‌లోకీ వచ్చింది. పెట్రోలును ఇంజెక్షను కొలిచి పంపుతుంది, బ్యాలెన్సర్ షాఫ్టు వణుకును అణుస్తుంది, ముందు డిస్కుకు ఏబీఎస్ ఉంది. శక్తి 20 హార్స్‌పవర్, పాతదానికి 18. లెక్కలో తేడా రెండే, దారిలో మాత్రం చాలా ఎక్కువ. ట్యాంకు మీది బంగారు గీతలు నేటికీ చేత్తోనే గీస్తున్నారు. కిక్‌రాడ్డు లేదు. ఆ ముల్లూ లేదు.

నా తీర్పు ఇది. రోజూ ఆఫీసుకు, పెళ్లాం పిల్లలతో హైవే మీద వెళ్లేవాళ్లు కొత్తదే కొనండి. వానలో బ్రేకు పట్టినప్పుడు దాని విలువ తెలుస్తుంది. దాన్ని నకిలీ అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు. పాతది కొనాలనుకుంటే ఆదివారాలు దానికి ఇవ్వగలరో లేదో ముందు చూసుకోండి. ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదివాటితో సరిపోతేనే డబ్బు ఇవ్వండి.

మీ ఇంటి వెనక రేకుల షెడ్డులో తాతగారి బుల్లెట్ దుమ్ము పట్టి ఉంటే, దయచేసి పాత ఇనుముకు తూకం వేయకండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించండి. పాత ఇంజను తెలిసిన మేస్త్రీ మీ ఊళ్లో ఒక్కరైనా ఉండే ఉంటారు. ఆయన చేయి ఆడుతుండగానే బండి ఆయన దగ్గరికి తీసుకెళ్లండి.